గుర్తెరుగని తల్లికి సేవ

తల్లిదండ్రుల సేవను గూర్చి వ్రాయబూనినవారు సాధారణముగా మూడు కథలను స్మరింతురు. మొదటిది శ్రీమద్రామాయణము, అయోధ్యాకాండములోనిది: అంధులైన తల్లిదండ్రులకు నీరు తెచ్చుటకై వెళ్ళి దశరథుని బాణమునకు గురియైన మునికుమారుని కథ. (వాల్మీకి ఆ బాలుని పేరు చెప్పలేదు. శ్రవణుడని లోకము పిలుచుకొన్నది.) రెండవది మహాభారతము, అరణ్యపర్వములోని ధర్మవ్యాధుని కథ. మిథిలలో మాంసము విక్రయించి జీవించు ఆ వ్యాధుడు తన వృద్ధ జననీజనకులను చూపి, నాకు వీరే దేవతలని కౌశికుడను బ్రాహ్మణునకు చెప్పినాడు. మూడవది పండరిపురములోని పుండలీకుని కథ. వాకిట నిలిచిన స్వామికి ఒక ఇటుకను విసరి, తల్లిదండ్రుల పాదసేవ ముగియువరకు దానిపై నిలువుమన్న మహనీయుడతడు.

ఈ కథలను నేను బాల్యమునుండి విన్నాను. ఉపాధ్యాయుడనై వేలమంది పిల్లలకు చెప్పినాను. కాని అరువది యేండ్లు దాటిన తరువాత గాని ఒక విషయము నా దృష్టికి రాలేదు. ఈ కథలలోని తల్లిదండ్రులు తమ బిడ్డను ఎరుగుదురు. అంధుడైన ముని దశరథుని అడుగుల చప్పుడు విని, తన కుమారుడే వచ్చినాడనుకొని, ఇంత ఆలస్యమేమని పలుకరించినాడు. ధర్మవ్యాధుని తల్లిదండ్రులు వాని సేవకు సంతసించి మనసార దీవించినారు. కన్నులు లేకపోవచ్చును, కాళ్ళు లేవకపోవచ్చును. వీడు నా కొడుకు అను ఎరుక మాత్రము వారికి చెక్కుచెదరలేదు.

ఆ ఎరుకయే పోయిన నాడు? దీవింపవలసిన తల్లి కొడుకు ముఖము చూచి "మీరెవరండీ?" అని అడిగిననాడు? చేసిన సేవను ఆమె గుర్తింపదు, గుర్తించినను మరునిమిషమున మరచును. అట్టి సేవ ఎవరికి చేయుచున్నట్లు? దానికి సాక్షి ఎవరు? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురుకాలేదు; మా ఇంటిలో ఎదురైనది.

మా అమ్మగారికి 81వ ఏట ఈ స్థితి ప్రారంభమైనది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేయుట, అడిగిన మాటనే పదేపదే అడుగుట చూచి, పెద్దతనమే కదా అనుకొన్నాము. ముప్పది యేండ్లుగా నడచిన దారిలో గుడినుండి ఇంటికి రాలేక, రాజమహేంద్రవరము వీధిలో ఎవరిదో అరుగుమీద కూర్చుండిపోయిన సాయంకాలము గాని మేము వైద్యుని వద్దకు పోలేదు. ఆ ఆలస్యము మా తప్పు. ఏలయనగా, మతి తప్పుటకు కారణములన్నియు ఒకటి కావు. బి12 విటమిను లోపము, థైరాయిడ్ గ్రంథి మాంద్యము, దిగులు, కొన్ని మందుల ప్రభావము, తుదకు మూత్రకోశమునకు చేరిన సూక్ష్మక్రిములు సైతము వృద్ధులను అయోమయమున పడవేయును. వీనిలో పెక్కింటికి చికిత్స కలదు. కనుక ఇంటిలోనివారే "చాదస్తము" అని తీర్పు చెప్పి ఊరకుండరాదు.

మా అమ్మగారిది ఆల్జీమర్స్ వ్యాధి అని తేలినది. 1906వ సంవత్సరము నవంబరు మాసమున, జర్మనీ దేశపు ట్యూబింగెన్ నగరములో, ఆలోయిస్ ఆల్జీమర్ అను వైద్యుడు ఒక స్త్రీ కథను తోడి వైద్యులకు విన్నవించినాడు. ఆమె తన పేరును తాను వ్రాసికొనలేకపోయినది. మరణానంతరము ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందలి విపరీతములను అతడు గుర్తించినాడు. 1910లో అతని గురుతుల్యుడైన క్రెపలిన్ ఆ వ్యాధికి అతని పేరు పెట్టినాడు. డిమెన్షియా అని పిలువబడు చిత్తక్షీణతకు అధిక భాగము ఇదియే కారణము. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమంది, అనగా నూటికి ఏడుగురికి మించి, ఈ చిత్తక్షీణతతో ఉన్నారని 2023లో వెలువడిన ఒక దేశవ్యాప్త పరిశీలన అంచనా వేసినది. 88 లక్షలమంది రోగులనగా అన్ని లక్షల ఇండ్లు. ప్రతి ఇంటను రాత్రి నిద్రలేని మనిషి కనీసము ఒకరుందురు. ఆ మనిషిని గూర్చియే ఈ వ్యాసము.

మా ఇంట ఆ మనిషి నేను కాను, నా భార్య. ఇది దాచిపెట్టవలసిన విషయము కాదు గనుక చెప్పుచున్నాను. నేను ఉదయము దేవాలయమున పారాయణకు పోయెడివాడను, సాయంకాలము పురాణశ్రవణము. ఇంటిలో అమ్మకు స్నానము చేయించుట, చీర కట్టుట, ముద్ద నోటికి అందించుట, తడిసిన పక్క మార్చుట ఆమె పని. ఇంత చేసినను, గాజులు దొంగిలించినదను నింద ఆమెకే వచ్చినది. అమ్మ తన బంగారు గాజులను తానే బియ్యపు డబ్బాలో దాచి మరచి, "ఈ అమ్మాయి నా గాజులు తీసుకుపోయింది" అని ఇరుగుపొరుగుతో చెప్పెడిది. "నాలుగు రోజులనుంచి నాకు అన్నం పెట్టలేదు" అని వీధిలో పోవువారిని పిలిచి చెప్పెడిది. వినువారిలో కొందరు నమ్మినారు. నమ్మినట్లు ముఖములే చెప్పినవి. దొంగిలించినారని శంకించుట ఈ వ్యాధిలో తరచుగా కనిపించు లక్షణమని, పెట్టినచోటు మరచిన మనస్సు ఆ ఖాళీని ఏదో ఒక కథతో పూరించుకొనునని వైద్యుడు చెప్పినాడు. ఆ మాట మాకు తెలియును, వీధికి తెలియదు.

సూర్యాస్తమయమునకు అమ్మ కలత చెందెడిది. "ఇంటికి పోదాం, పొద్దుపోయింది" అని చీర చెరగులో నాలుగు వస్తువులు మూట కట్టుకొని గుమ్మము వద్ద నిలుచుండును. ఇది ఇల్లే కదమ్మా అన్నచో కోపము. ఆమె పోదలచిన ఇల్లు కోనసీమలోని పుట్టినిల్లు. అది చేయిమారి నలుబది యేండ్లైనది. సాయంవేళ ఈ కలత పెరుగుట కూడ ఈ వ్యాధిగ్రస్తులలో సామాన్యమే. చీకటి పడకముందే దీపములు వెలిగించి, ఆ సమయమున ఏదైన చిన్న పని చేతికిచ్చిన కొంత ఉపశమించును. పువ్వులు మాలకట్టుట మా అమ్మ చివరివరకు మరువలేదు. కొడుకు పేరు మరచిన మనిషి మాలకట్టుట ఎట్లు మరువలేదని నాకు మొదట కష్టము తోచినది. చేతులకు అలవాటైన విద్యలు, చిన్ననాట నేర్చిన పాటలు, స్తోత్రములు పేర్లకంటె ఆలస్యముగా మరుగునపడునని తరువాత తెలిసినది.

ఇక చెప్పుటకు సిగ్గుపడు విషయమునకు వచ్చుచున్నాను. ఒకనాటి రాత్రి రెండు గంటల వేళ అమ్మ వీధితలుపు గడియ తీసినది. ఆనాడు నా భార్యకు జ్వరము. నేను లేచి, వారమురోజుల నిద్రలేమితోను, ఏదో తెలియని కోపముతోను ఆమె చేయి పట్టి లోనికి లాగినాను. లాగవలసినదానికంటె గట్టిగా లాగినాను. గాజు నొక్కుకొని చర్మము చిట్లినది. అమ్మ రెండు చేతులు ముఖమునకు అడ్డము పెట్టుకొని, "బాబుగారూ, కొట్టకండి" అన్నది.

తెల్లవారి ఆమె మణికట్టుమీది నీలిమచ్చను చూచుకొని, "ఇదేమిటి, ఈ దెబ్బ ఎప్పుడు తగిలింది?" అని నన్నే అడిగినది. "తలుపు తగిలిందమ్మా" అన్నాను.

నిత్యము సత్యమును గూర్చి ఉపన్యసించు నోటితోనే అన్నాను. ఆనాటినుండి నన్ను బాధించినది చేసిన అపరాధము మాత్రమే కాదు. క్షమాపణ కోరుటకు ఎవరును లేకపోవుట. అపరాధము చేసిన వానికి లోకములో ఒక దారి కలదు. ఎవరికి అపకారము చేసితిమో వారి పాదములపై పడవచ్చును. కాని ఇచ్చట క్షమింపవలసినవారికి ఆ రాత్రియే జ్ఞాపకము లేదు. నేను పాదములు పట్టుకొన్నచో ఆమె భయపడి "ఎందుకు బాబూ, లేవండి" అనును. ఆమె ఇవ్వగల కృతజ్ఞత పోయినట్లే, ఆమె ఇవ్వగల క్షమయు పోయినది. ఈ రెండును లేకుండ ఏండ్ల తరబడి ఒక మనిషి సేవ చేయవలెననుట ఎంత బరువో అప్పుడు గాని నాకు తెలియలేదు. ఆ బరువును నా భార్య అప్పటికే మూడేండ్లుగా మోయుచున్నది.

అబద్ధము మాట వచ్చినది గనుక అదికూడ విచారింతము. అమ్మ ప్రతిదినము మా తండ్రిగారు ఏరని అడిగెడిది. ఆయన గతించి అప్పటికి పండ్రెండేండ్లు. మొదటి దినములలో నేను నిజమే చెప్పినాను. ఆమె అప్పుడే ఆ వార్త విన్నట్లు గుండెలు బాదుకొని ఏడ్చినది. గంట తరువాత మరల అడిగినది, మరల చెప్పినాను, మరల ఏడ్చినది. ఒక స్త్రీకి ఒకే వైధవ్యమును దినమునకు మూడుసార్లు కలిగించినాను. నా భార్య అది చూడలేక, "మామయ్యగారు గుడికి వెళ్ళారు అత్తయ్యా. మీరు ముందు ఈ పాలు తాగండి" అన్నది. అమ్మ పాలు త్రాగినది. "అబద్ధమాడినావు" అని నేను తప్పుపట్టినాను.

మహాభారతము, కర్ణపర్వములో శ్రీకృష్ణుడు అర్జునునకు ఒక కథ చెప్పినాడు. అందును ఒక కౌశికుడున్నాడు. ధర్మవ్యాధుని వద్దకు పోయిన కౌశికుడు వేరు, ఇతడు వేరు. సత్యమే పలుకుదునని వ్రతము పట్టిన ఈ తాపసి, దొంగలు వచ్చి అడుగగా, ప్రాణభీతితో వనములో దాగినవారి జాడ ఉన్నదున్నట్లు చెప్పినాడు. దొంగలు వారిని చంపినారు. సత్యము పలికిన కౌశికుడు నరకమునకు పోయినాడు. ఈ కథను నేను ఎన్నిసార్లు చెప్పితినో లెక్కలేదు. మా వంటింటి గడపలో అది జరుగుచుండగా మాత్రము గుర్తింపలేదు.

మా ఇంట రెండు అసత్యములు పుట్టినవి. "మామయ్యగారు గుడికి వెళ్ళారు" అన్నది ఒకటి. "తలుపు తగిలిందమ్మా" అన్నది మరియొకటి. మొదటిది వినువారిని కాపాడినది, రెండవది పలికినవానిని కాపాడినది. తక్కెడలో పెట్టి చూచుకొనవలసినది మాటను కాదు, అది ఎవరికి అడ్డుగా నిలిచినదో దానిని. పోనుపోను మా ఆవిడ అంతకంటె మంచి దారియే కనుగొన్నది. నాన్నగారు ఏరని అమ్మ అడిగినప్పుడు, "మామయ్యగారికి ఏ కూర ఇష్టం అత్తయ్యా?" అని అడిగెడిది. అమ్మ ముఖము వికసించును. గుత్తివంకాయ కూర ఎట్లు చేయవలెనో అరగంట చెప్పును. అందులో అసత్యము లేశమైనను లేదు. అమ్మ అడుగుచున్నది ఆయన ఎక్కడనున్నాడని కాదు, ఆయనను గూర్చి మాటాడువారు ఎవరైన ఉన్నారా అని కాబోలు.

ఇక మొదటి ప్రశ్న. గుర్తెరుగని వారికి చేయు సేవ ఎవరికి చేరును? మనకు ఇది కొత్త ప్రశ్న కారాదు. తిరుమలలో తెల్లవారకముందే సుప్రభాతముతో స్వామిని మేల్కొలుపుదురు. తోమాలసేవలో పూలమాలలతో అలంకరింతురు. అటుపిమ్మట కొలువు జరుగును. ఆనాటి తిథి వార నక్షత్రములను పంచాంగమునుండి స్వామికి వినిపింతురు, ముందునాటి ఆదాయమును విన్నవింతురు. రాత్రి ఏకాంతసేవలో లాలి పాడి నిద్రపుచ్చుదురు. ఏ ఒక్కనాడును స్వామి "నీవు ఫలానావాడవు, బాగుగ చేసితివి" అని అర్చకునితో పలుకుట లోకము వినలేదు. అయినను మరునాడు మేల్కొలుపు ఆగలేదు. అర్చామూర్తిని మేల్కొలిపి, స్నానము చేయించి, భుజింపజేసి, నిద్రపుచ్చుట ఆరాధనమని ఆగమములు చెప్పుచుండగా, అదే పని మంచము పట్టిన తల్లికి చేయుట చాకిరి ఎట్లగును? కొలువును తలచుకొని నేనును ఒక అలవాటు చేసికొన్నాను. ప్రతి ఉదయము అమ్మ పక్కన కూర్చుండి, ఈ దినము గురువారమనియు, తిథి ఫలానాయనియు, పెరటిలో మందారము పూచినదనియు, నేను ఆమె పెద్దకొడుకుననియు చెప్పెడివాడను. జ్ఞాపకమున్నదా అని తిరిగి అడుగలేదు. కొలువులో స్వామిని ఎవరు పరీక్షింతురు?

ఈ పరీక్షలు పెట్టుట మన బంధువులకు పెద్ద దురలవాటు. చూడవచ్చినవారు మంచము వద్ద నిలిచి, "నేనెవరో చెప్పు చూద్దాం పిన్నీ" అందురు. ఆమె తెల్లబోవును. "అయ్యో, నన్ను కూడా మరచిపోయింది" అని ఆమె యెదుటనే అందురు. అవమానము తెలియుటకు జ్ఞాపకశక్తి అక్కరలేదు. అట్టివారు వెళ్ళిన తరువాత, ఎందుకో తనకే తెలియక, అమ్మ సాయంత్రమువరకు కంటనీరు పెట్టెడిది. "పిన్నీ, నేను ఫలానాని, మీ అక్కగారి అమ్మాయిని" అని తామే చెప్పి చేయి పట్టుకొన్న ఏమి పోవును?

అయితే అర్చామూర్తి పోలికకు ఒక హద్దు కలదు. దానిని విస్మరించినచో, గృహిణి నెత్తిన మరియొక బరువు పెట్టినట్లే యగును. విగ్రహము గాజులు దొంగిలించితివని నింద వేయదు. రాత్రి రెండు గంటలకు తలుపు తీయదు. "నీ అత్తగారు నీకు దేవత, విసుగు పడరాదు" అని కోడలికి బోధించుట బహు సులభము, నేనును బోధించినాను. ఆ పోలికలో నేను చూడని సగము మా ఆవిడయే చూపినది. "స్వామివారికి ఎంతమంది చేస్తారండీ?" అన్నది.

నిజమే. స్వామికి అర్చకులున్నారు, పరిచారకులున్నారు, జియ్యంగారున్నారు, ఏకాంగులున్నారు. మాలలు కట్టువారు వేరు, పోటులో ప్రసాదములు వండువారు వేరు, ఏకాంతసేవలో పాడు తాళ్ళపాకవారు వేరు. సుప్రభాతమునుండి ఏకాంతసేవవరకు ఏ ఒక్కరిచేతను అన్నియు చేయింపలేదు. అలుపెరుగని దైవమునకే వంతులవారీ సేవ ఏర్పరచిన మన పెద్దలు, ఒక ఇంటి ముసలితల్లిని మాత్రము ఒక్క కోడలికి, ఒక్క కూతురికి అప్పగించి, అది ధర్మమని చెప్పుదురా? 1981లో అమెరికా దేశమున నాన్సీ మేస్, పీటర్ రాబిన్స్ అనువారు ఇట్టి కుటుంబములకై ఒక గ్రంథము వ్రాసి, దానికి 36 గంటల దినము అని పేరు పెట్టినారు. ఆ పేరు వినగానే మా ఆవిడ నవ్వినది. అర్థము విప్పి చెప్పవలసిన పని లేకపోయినది.

రోగి ఇవ్వలేని కృతజ్ఞతను, రోగి ఇవ్వలేని క్షమను ఇవ్వవలసిన ఋణము చుట్టునున్న మనది. దూరమునుండి డబ్బు పంపు అన్నదమ్ములది, పండుగకు వచ్చిపోవు ఆడబిడ్డలది, వీధిలో నింద విని నమ్మినవారిది. 2007 నాటి చట్టము తల్లిదండ్రుల పోషణను బిడ్డల బాధ్యతగా నిర్ణయించినది, మంచిదే. చట్టముచేత మనోవర్తి ఇప్పింపవచ్చును. రాత్రి జాగరణలో పాలుపంచుకొనుట ఏ అధికారియు ఇప్పింపజాలడు. మందు సీసాలతో వచ్చి సలహాలు చెప్పువారికంటె, "మీరు రెండు గంటలు పడుకోండి, నేను కూర్చుంటాను" అనువారు మా ఇంటికి దేవతలవలె తోచినారు. అట్టివారు ఇద్దరే వచ్చినారు. వారిలో ఒకరు మా పాలమ్మాయి తల్లి.

సేవ చేయువారు కూడ అడుగుట నేర్వవలెను. విసుగు వచ్చుట పాపము కాదు; విసుగు వచ్చినదని చెప్పుకొనుటకు మనిషి లేకపోవుట ప్రమాదము. ఆ రాత్రి నా చేయి ఆ ప్రమాదమునుండియే లేచినది. 1992లో కేరళలో స్థాపింపబడిన ఆల్జీమర్స్ సంఘమునకు హైదరాబాదులో శాఖ కలదు. వృద్ధులను గూర్చిన సహాయమునకు 14567, మనస్సు క్రుంగినప్పుడు మాటాడుటకు 14416 అను ప్రభుత్వ టెలిఫోన్ సంఖ్యలున్నవి. అందరికంటె ముందు ఇంటిలోనివారితో చెప్పవలెను. ఆ రాత్రి సంగతి నేను పదిరోజుల తరువాత నా చెల్లెలితో చెప్పినాను. ఆమె నన్ను నిందింపలేదు, ఓదార్పనులేదు. "అమ్మను నా దగ్గరకు పంపు, నెలకు పదిహేను రోజులు నేను చూస్తాను. ఇంతకాలం అడగనందుకు నన్నే అనాలి" అన్నది. అమ్మను ఎవరు క్షమింపజేయుదురని వెదకితినో, ఆ క్షమ నాకు ఆ పదిహేను రోజుల రూపమున చేరినదనుకొందును.

అమ్మ పోయి మూడేండ్లైనది. చివరి యేడు ఒక మధ్యాహ్నము, భోజనమైన పిమ్మట, మూతి తుడుచుచున్న నన్ను తేరిపార చూచి అడిగినది:

"మీకు అమ్మ ఉందా, బాబూ?"

"ఉందండీ."

"అన్నం తిందా?"

"ఇప్పుడే తిందండీ."

ఆమె తలయూచి, తృప్తిగా పక్కకు తిరిగి పండుకొన్నది. ఈ సేవ ఎవరికి చేరునని నేను మరల అడుగలేదు.

అమ్మను చెల్లెలు తీసికొనిపోయిన మొదటి పక్షమున, నాలుగేండ్ల తరువాత నా భార్య తిరుమల వెళ్ళినది. తిరిగి వచ్చిన పిమ్మట, స్వామిని ఏమి కోరుకొంటివని అడిగినాను. నా ఉద్దేశములో అమ్మ ఆరోగ్యమో, మా అందరి క్షేమమో చెప్పుననుకొన్నాను. "ఎదుటికి వెళ్ళాక ఏమీ గుర్తురాలేదండీ" అన్నది. "కొండమీద రెండు రాత్రులు మాత్రం ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను."